చక్రపాణి గూడ, స్వామి గొడుగు

అహోబిలం చక్రపాణి కుడి భుజాన్ని చిరుతపులి పట్టుకున్న కథకు ఎన్ని రూపాలున్నాయో ఆయనకే తెలియదు. రుద్రవరంలో చెప్పినప్పుడు అది దూడంత పులి. ఆళ్లగడ్డ చేరేసరికి ఎద్దంతయ్యేది. మధ్యలో శ్రోతలు బాగా దొరికితే దానికి ఒక ఆడపులి, రెండు కూనలు కూడా తోడయ్యేవి. అన్నిటినీ చక్రపాణి ఒంటిచేత్తో నల్లమలలోకి తరిమేసేవాడు. తరిమిన చెయ్యి ఎడమది. కుడిచెయ్యి అప్పటికి పులి నోట్లో ఉండేది కదా!

అవి యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరక్క పల్లెలు పొద్దుగూకగానే పడుకునేవి. అలాంటి కాలంలో ఇంత కథ చెప్పి, ఊరిని ఇంకో గంట మేలుకోనిచ్చే మనిషి దొరకడం అంటే మాటలా? పారువేట వచ్చిందంటే జనం స్వామి కోసం ఎంత ఎదురుచూసేవాళ్లో, స్వామి వెంట వచ్చే చక్రపాణి కోసమూ అంతే ఎదురుచూసేవాళ్లు. ఈ మాట ఆయనే చెప్పేవాడు.

పారువేట అంటే, తన కల్యాణానికి రమ్మని నరసింహస్వామి తానే పల్లకి ఎక్కి ఊరూరా తిరిగి భక్తుల్ని పిలిచి వచ్చే ఉత్సవం. కనుమనాడు కొండ దిగితే మళ్లీ గుడి చేరేది నెల దాటాకే. పల్లకి బోయీలది. ఆ పల్లకి మీద పట్టే వెల్లగొడుగు చక్రపాణి ఇంటివాళ్లది. నాయన పట్టాడు, తాత పట్టాడు. మనిషికంటే పొడుగైన కొయ్యకామ, పైన మంచమంత తెల్లగుడ్డ, చుట్టూ ఎర్రకుచ్చులు. దాన్ని కుడిచేత్తో ఎత్తి, మోచెయ్యి బార్లా తెరిచి, ఛాతీ విరుచుకొని పల్లకి పక్కన నడుస్తుంటే చక్రపాణికి తాను గొడుగు పట్టానన్న సంగతి మరిచిపోయి, గొడుగు తనకే పట్టారన్నంత ఠీవి వచ్చేది.

ఆ చెయ్యే చెడింది.

రెండేళ్ల కింద ఒకసారి గూడ జారింది. భుజం కీలు తప్పడాన్ని ఆ సీమలో గూడ జారడమనే అంటారు. అప్పుడు ఎవరో లాగి సరిచేశారు, బాగైందనుకున్నారు. తర్వాత అది అలవాటు పట్టింది. బావిలో చేద విసిరితే జారేది. అటక మీది గంప అందుకోబోతే జారేది. ఒకనాడు నిద్రలో తల కింద చెయ్యి పెట్టుకొని పక్కకు తిరిగితే జారింది. జారిన ప్రతిసారీ భార్య వకుళమాల గోడవతలికి ఒక్క కేక పెట్టేది.

"శేషాద్రీ! మీ అన్నది మళ్లా వచ్చేసినాది!"

శేషాద్రి చక్రపాణికి చిన్నాయన కొడుకు. ఇద్దరి ఇళ్లకూ ఒకటే గోడ. ఆ గోడ ఎవరిదన్న తగాదాతో మాటలు లేని రోజులు చాలానే గడిచాయి. కానీ ఆ కేక వినపడితే చాలు, తింటున్న విస్తరి వదిలి వచ్చేవాడు. అన్నను నేలమీద పడుకోబెట్టి, చంకలో మడమ ఆనించి, మణికట్టు పట్టుకొని మెల్లగా, ఆగకుండా లాగేవాడు. లోపల 'లటుక్' మనేది. చక్రపాణి కళ్లు తెరిచి, మొదటి మాటగా, "నీ కాలు కడుక్కున్నావా లేదా?" అనేవాడు.

"కడుక్కోలే. పులి నోట్లో పెట్టిన చెయ్యికి మడి ఏందన్నా?" అనేవాడు శేషాద్రి.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఇంట్లో గొడుగు పట్టే చెయ్యి లేకపోతే ఆ కైంకర్యం పోవాల్సింది ఈ శేషాద్రికే.

పోయిన పారువేటలో ఒక మలుపు దగ్గర గొడుగు పక్కకు ఒరిగి కుచ్చులు పల్లకి మీద పడ్డాయి. ఆ ఏడు అలాగే గడిచింది. కార్తీకం వెళ్లాక, ఆలయం కట్టుబాట్లు చూసే పెద్దాయన రంగనాథం చక్రపాణిని పిలిచి ముందర కూర్చోబెట్టుకున్నాడు.

"చెయ్యి ఎట్లుండాది?"

"వజ్రం మాదిరి ఉండాది స్వామీ."

"నిన్న వజ్రం యాడో జారిపోయినాదని వింటిని." రంగనాథం నవ్వలేదు. "చూడప్పా. మీ నాయన ఉన్నప్పటినుంచి చూస్తాండా. నిన్ను తీసేయాలని నాకు లేదు. కనుమలోగా బాగు చేయించుకో. గొడుగు ఇంకోసారి ఒరిగిందంటే మాత్రం శేషాద్రి చేతికి పోతాది."

ఆ సాయంత్రం చక్రపాణి ఎవరికీ పులికథ చెప్పలేదు. అన్నం ముందు కూర్చొని పప్పులో వేలు పెట్టి తిప్పుతూ ఉండిపోయాడు. వకుళమాల చూసింది, చూసి, "రేపు నంద్యాలకు పోదాం. మిషనాసుపత్రిలో దొరసాని ఎముకలు బాగా చూస్తాదంట," అంది.

ఆళ్లగడ్డ దాకా ఎద్దులబండి. అక్కడినుంచి బొగ్గు బస్సు. పెట్రోలంతా యుద్ధానికి పోతే బస్సుల వెనక నిలువెత్తు ఇనపడ్రమ్ము కట్టి, అందులో బొగ్గు రాజేసి, ఆ పొగతో నడిపేవాళ్లు. క్లీనరు చక్రం తిప్పి తిప్పి రాజేస్తుంటే జనం వేపచెట్టు కింద కూర్చొని వేరుశనక్కాయలు ఒలుచుకునేవాళ్లు. బస్సుకు మనసైతే కదిలేది. ఎత్తు వస్తే అందరూ దిగి తోసేవాళ్లు. నంద్యాల చేరేసరికి తెల్లపంచె కట్టుకున్నవాడూ నల్లపంచె కట్టుకున్నవాడూ ఒక్క రంగులో దిగేవాళ్లు. ఇప్పుడు రయ్యిన పోయే బస్సుల్లో ఎవరు ఎవరి మొహం చూస్తున్నారు? ఆ బస్సు దిగేలోగా రెండు పెళ్లిసంబంధాలు కుదిరేవి, ఒక తగాదా తీరేది.

ఆ రోజు చక్రపాణి బస్సు ఎక్కుతూ దాని వెనకవైపు చూడనేలేదు. వకుళమాల చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆసుపత్రి వసారాలో దొరసాని డాక్టరు పొడుగ్గా, ఎండకు కందిన మొహంతో, చొక్కాచేతులు మోచేతుల దాకా మడిచి కూర్చుంది. పక్కన నర్సు రూతు, నంద్యాల మనిషి. దొరసాని తెలుగు ఒక పండితుడి దగ్గర పుస్తకాలు పెట్టుకొని నేర్చింది. అందుకే ఆమె నోరు తెరిస్తే పురాణం విప్పినట్టుండేది.

"మీకు ఏమి బాధ కలుగుచున్నది?"

"గూడ జారతాండాది తల్లీ."

దొరసాని రెండుకళ్లూ చికిలించింది. ఆమె పల్లెల్లో తిరిగిన మనిషి. ఇద్దరు అటూ ఇటూ నిలబడి, తాళ్లు పట్టుకొని, గూడ అనే బుట్టతో కాలవనీళ్లు పైమడికి ఎత్తిపోయడం ఎన్నోసార్లు చూసింది. ఆమెకు తెలిసిన గూడ అదొక్కటే.

"గూడ జారిన యెడల త్రాడు బిగింపవలెను. దానికి వైద్యశాలకు వచ్చుట ఎందులకు?"

రూతు పక్కకు తిరిగి నవ్వాపుకోబోయి, ఆగక ఫక్కున నవ్వేసింది. "అమ్మా, నీళ్లెత్తే గూడ కాదు. ఈ గూడ," అని తన భుజం తట్టి చూపించింది.

"ఓ!" అంది దొరసాని. తర్వాత తానూ నవ్వి, ఆ మాటను నోట్లోనే రెండుసార్లు పలికి చూసుకుంది. "మంచిది. ఆ గూడ ఎట్లు జారినది? అప్పుడు చేయి ఎటు లాగబడినది?"

ఎదురుగా కొత్త శ్రోత. చక్రపాణికి ఊపొచ్చింది. ఎద్దంత పులిని వదిలాడు. కూనల్ని కూడా వదిలాడు. దొరసాని మధ్యలో ఆవలించలేదు, నవ్వలేదు, కన్నార్పకుండా విన్నది. చివరికి అడిగింది.

"పులి ముందునుండి లాగినదా, వెనుకనుండి లాగినదా?"

ఇన్నేళ్లలో ఏ ఊళ్లో ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. చక్రపాణి గొంతు సవరించుకున్నాడు. "ఎనకనుంచి వచ్చి… ముందుకు పోయి… మళ్లా పక్కకు లాగినాది."

"చేయి పైకి ఎత్తి ఉండెనా, క్రిందికి ఉండెనా?"

"పులి నోరు యాడుంటే ఆడ ఉన్నాది తల్లీ."

"పంటి గుర్తులు ఏవి?"

"బ్రాహ్మణ ఒళ్లు కదా, బేగా మానిపోయినాయి."

రూతు మళ్లీ పక్కకు తిరిగింది. దొరసాని మాత్రం లేచి ఆయన వెనక్కు వెళ్లింది. రెండు భుజాల మీదా చేతులు పెట్టి ఎముకలు తడిమింది. కీలును వేళ్లతో చదివినట్టు నెమ్మదిగా జరిపింది. ముందుకు ఎత్తింది, ఏమీ కాలేదు. వెనక్కు తీసింది, ఏమీ కాలేదు. చక్రపాణి వకుళమాల వైపు చూసి, వజ్రం అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు.

అప్పుడు దొరసాని ఆయన మోచెయ్యి పట్టుకొని చేతిని పక్కకు, పైకి ఎత్తి, అరచెయ్యి వెనక్కు తిరిగేలా మెల్లగా తిప్పబోయింది. అచ్చం గొడుగు పట్టే భంగిమ.

చక్రపాణి మొహంలో నెత్తురు లేదు. నుదుట తిరునామం కింద చెమట పట్టింది. ఎడమచెయ్యి దానంతటదే వచ్చి దొరసాని మణికట్టును ఒడిసి పట్టుకుంది. "వద్దు! వద్దు తల్లీ! పోతాది!"

దొరసాని వెంటనే ఆపింది. ఆ చేతిని జాగ్రత్తగా దించి ఒళ్లో పెట్టింది.

"పులి కాడ నవ్వినానంటివే సామీ," అంది రూతు. "మా అమ్మ పట్టుకుంటే ఇట్ల వణకతాండావే."

"రూతూ, ఎగతాళి చేయవలదు," అంది దొరసాని. "నేను వెదకినది ఆ భయమునే. ఏ వైపునకు జారునో ఆ వైపునకు త్రిప్పినపుడే మనిషి భయపడును. కథ చెప్పనిది ముఖము చెప్పినది. కానీ ఇది పులి చేసిన పని కాదు."

ఇక వకుళమాల ఆగలేకపోయింది.

"పులీ లేదు గిలీ లేదమ్మా. బొగ్గు బస్సు! ఆళ్లగడ్డలో బస్సు కదిలిపోతాంటే పరుగెత్తి ఎనక నిచ్చెన పట్టుకున్నాడు. బస్సు ఒక్క దూకు దూకినాది. చెయ్యి పైన నిచ్చెనకు, మనిషి కింద గాల్లో! చింతకాయ మాదిరి ఏలాడినాడు."

"వకుళా!"

"చెప్పనీ. ఆమె వైద్యం చేసేది పులికా, మీకా?"

దొరసాని తృప్తిగా తలాడించింది. మందు కలిపే పింగాణీ గిన్నె ఒకటి తీసి అందులో పిడికిలి పెట్టి తిప్పి చూపించింది. భుజం ఎముక గుండు ఇలా గిన్నెలో తిరుగుతుందట. బస్సు ఈడ్చినప్పుడు గిన్నె ముందరి అంచు చీలింది. చెయ్యి ఎత్తి వెనక్కు తిప్పితే చాలు, గుండు అటే దొర్లుతుంది. "మదరాసులో కోసి కుట్టగలవారున్నారు. ఇప్పుడు వారి చేతులనిండ సైనికులే. నేను ఇచట ఆ పని చేయజాలను. చేసెదనని అబద్ధమాడను."

"అయితే గొడుగు?" అన్నాడు చక్రపాణి. కనుమనాడు స్వామికి పట్టాల్సిన గొడుగు సంగతి వకుళమాల చెప్పింది.

"ఎడమచేతితో పట్టవచ్చును గదా?"

మొగుడూపెళ్లాలిద్దరూ ఒక్కసారే చెవులు మూసుకున్నారు. "ఎడంచేత్తో స్వామికి గొడుగా! మా వంశం మొత్తానికీ నరకంలో చోటు చూపిస్తాండావా తల్లీ?"

దొరసాని కోప్పడలేదు. వసారాలో ఎవరిదో నల్లగొడుగు ఉంటే తెప్పించి, పట్టి చూపించమంది. చక్రపాణి చూపించాడు, ఛాతీ విరిచి, మోచెయ్యి బార్లా తెరిచి. ఆమె ఆ మోచేతిని తోసి డొక్కకు ఆనించింది. "ఇది ఇచటనే ఉండవలెను. ఇచటనుండి లేచినచో గూడ జారును. కామ అడుగున ఆధారము కావలెను. మా దేశమున జెండా మోయువారు నడుమునకు తోలుగిన్నె కట్టుకొని…"

"అమ్మా, తోలు మాట ఎత్తొద్దు," రూతు గబగబా అడ్డుకుంది. "గుళ్లో మనిషి. తోలు కట్టుకుంటే గొడుగు కాదు గదా, గడప కూడా ముట్టనీరు."

దొరసాని ఆలోచనలో పడింది. ఆసుపత్రి వంటింట్లో ఎవరో పప్పు రుబ్బుతున్న చప్పుడు వస్తోంది. ఆమె లేచి అటు వెళ్లి, కాసేపు ఆ రుబ్బే చేతినే చూసి వచ్చింది.

"కామ అడుగున గిన్నె సంగతి మీరు చూచుకొనుడు. కండ సంగతి నేను చెప్పెదను. మోచేయి డొక్కను విడువకుండ ప్రతిదినము రుబ్బురోలు రుబ్బవలెను. ముందరి కండ గట్టిపడిన కొలది గుండును అదియే ఆపును."

"ఎవరు? నేనా?"

"మీరే."

వకుళమాల మొహంలో అంత వెలుగు ఆమె పెళ్లినాడు కూడా లేదని చక్రపాణి తర్వాత ఎప్పుడూ అనేవాడు.

ఆ తర్వాత అహోబిలంలో ఏ ఇంట్లో అట్లు పోసినా పిండి చక్రపాణిదే. వాళ్లింట్లో తినేది ఇద్దరు. పొద్దున్నే మినప్పప్పు గిన్నెలతో ఆడవాళ్లు వరసగా వచ్చేవాళ్లు. "స్వామీ, మా కొంచెం కూడా మీ వైద్యంలో కలిపెయ్యండి!" ఆయన పొత్రం తిప్పుతూనే, ఇలా రుబ్బడం పూర్వం మల్లులు చేసిన రహస్య సాధన అని, దొరసాని దాన్ని వాళ్ల దేశంలో ఎక్కడో తాళపత్రాల్లో చదివిందని చెప్పేవాడు. గోడ మీదుగా శేషాద్రి తల పెట్టేవాడు.

"అన్నా, ఇంకా మెత్తగా రుబ్బు. నీ మరదలికి గారెలకు పనికిరాదంట."

"నీకు గొడుగు రాదు పో రా."

"గొడుగు రాకపోతే పోనీ, పిండి వస్తాంది కదా."

గిన్నె సంగతి వకుళమాల తేల్చింది. పెద్ద కొబ్బరిచిప్ప ఒకటి నున్నగా చెక్కించి, పాత పట్టుపంచె మడతల్లో పెట్టి కుట్టి, నడుముకు కట్టే దట్టీ చేసింది. కామ అడుగు ఆ చిప్పలో కూర్చుంటుంది. రంగనాథం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "కొబ్బరిచిప్పకు దోషం లేదు. కానీ ఒరగడం మాత్రం…"

"ఒరగదు స్వామీ."

కనుమనాడు పల్లకి కొండ దిగింది. చక్రపాణి మోచెయ్యి డొక్కకు ఆనించి, గొడుగు బొడ్డు దగ్గర పెట్టుకొని, కొత్తకోడలు కుంకుమభరిణె పట్టుకున్నట్టు ఒద్దికగా నడిచాడు. ఆయనకు నచ్చలేదు. ఠీవి పోయింది. కానీ గూడ నిలిచింది. ఊరు వెంట ఊరు గడిచింది. రంగనాథం కన్ను గొడుగు మీదే ఉంది. శేషాద్రి వింజామర పట్టుకొని వెనక నడిచేవాడు. అతని కన్ను అన్న మోచేతి మీద ఉండేది.

ఆళ్లగడ్డలో చిక్కొచ్చింది. బజారు నిండా జనం. మిద్దెల మీదా జనమే. చేరువ పల్లెలనుంచి బళ్లు కట్టుకొని వచ్చినవాళ్లు బళ్ల మీదే నిలబడ్డారు. గొడుగు పొట్టిగా పట్టడంతో తెల్లగుడ్డ స్వామి మొహానికే అడ్డం వచ్చింది.

"సామీ, గొడుగెత్తు! దేవుడు కనపడ్లే!"

"యాడ దేవుడు? గుడ్డ చూసేకి వస్తిమా ఈడికి?"

"ఏమప్పా చక్రపాణీ! పులికి చెయ్యిచ్చినోడివి, మాకోసం రవ్వంత ఎత్తలేవా?"

బండి మీద ఒక ముసలమ్మ, కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకొని, అటూ ఇటూ వంగి చూస్తోంది. ఆమె ఏమీ అరవలేదు. చక్రపాణి ఆమెను చూశాడు. స్వామి పిలవడానికి వచ్చింది ఈవిడనే. పిలిచేవాడి మొహం ఈవిడకు కనపడటం లేదు.

ఎత్తాడు. కామ చిప్పలోంచి లేచింది, మోచెయ్యి డొక్కను వదిలింది. జనం గోవింద కొట్టారు. గాలి గుడ్డలోకి దూరి గొడుగును వెనక్కు లాగింది. లోపల గుండు అంచు మీదికి దొర్లడం చక్రపాణికి స్పష్టంగా తెలిసింది. ఇంకొక్క జానెడు వెనక్కు పోతే గూడ పోతుంది, గొడుగు పడుతుంది. పక్కన రంగనాథం చూస్తున్నాడు.

కేక పెడితే వచ్చేవాడు ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడికే గొడుగు పోయేది కూడా.

"శేషాద్రీ! కామ పట్టుకో రా!"

శేషాద్రి వింజామర పక్కవాడి చేతిలో పడేసి ఒక్క అంగలో వచ్చాడు. కామను పైన పట్టుకున్నాడు. ఇంకో చేత్తో అన్న మోచేతిని డొక్కకు అదిమాడు. "దించన్నా. ఇది ఎప్పుడు జారతాదో నీకంటే నాకు బాగా తెలుసు. అడుగు నువ్వు పట్టు, ఎత్తు నేను చూసుకుంటా."

గొడుగు లేచింది. నిలువునా, ఎప్పుడూ లేనంత ఎత్తుకు లేచింది. ముసలమ్మ రెండు చేతులూ జోడించింది. బజారు చివరిదాకా అన్నదమ్ములు ఒకే కామ పట్టుకొని నడిచారు. నడుస్తూనే శేషాద్రి పళ్ల మధ్యనుంచి, "నాకూ గొడుగు మీద ఆశ ఉండాదన్నా. నీ చెయ్యి పోయి మాత్రం వద్దు," అన్నాడు.

విడిదిలో పల్లకి దించాక రంగనాథం ఇద్దరినీ పిలిచాడు.

"గొడుగు ఒరిగిందా?"

"లేదు స్వామీ," అన్నాడు చక్రపాణి.

"ఒరగకూడదని చెప్పినా గానీ, ఒక్కడే పట్టాలని నేను చెప్పలేదు కదా." పెద్దాయన లేచి పంచె దులుపుకున్నాడు. "రేపటినుంచి కూడా ఇట్లే కానీండి. అయితే గొడుగువాళ్ల భాగం ఒకటే. రెండు ఇయ్యను."

ఆ మధ్యాహ్నం పులిహోర దోసిలి ఒకటే వచ్చింది. ఒకే ఆకులో పెట్టుకొని, విడిది అరుగు మీద కూర్చున్నారు. శేషాద్రి వేలితో మధ్యన గీత గీశాడు. చక్రపాణి ఆ గీతను అతని వైపు కొంచెం జరిపాడు.

"ఏందన్నా ఇది?"

"అడుగు బరువు నాది రా. నువ్వు పట్టింది ఉత్త గాలి."

"గాలే కదా నిన్ను పడేసేది!"

గోడ తగాదా కంటే ఆ తగాదా చాలా కాలం నడిచింది. పారువేట వచ్చిన ప్రతి ఏడూ, ప్రతి విడిదిలోనూ, ఆకు పరిచినప్పుడల్లా మొదలయ్యేది. దారి పొడుగునా పల్లెల్లో జనం గొడుగుకు ఇద్దరుండాలని శాస్త్రమే చెప్పిందనుకున్నారు. ఎవరైనా అడిగితే, ఏ శాస్త్రంలో ఏ శ్లోకంలో ఉందో చక్రపాణి చెప్పేవాడు. శేషాద్రి పక్కనే కూర్చొని, అవునవునని తల ఊపుతూ, ఆకులో గీతను మెల్లగా అన్న వైపు జరిపేవాడు.